కాల్వ కింది కష్టం, బోరు కింది కష్టం

సంక్షిప్తంగా: మనిషి ఎదుగుదలలో అదృష్టం వాటా ఎంత, అవకాశం వాటా ఎంత, కష్టం వాటా ఎంత అన్న వాదన ఎప్పటికీ తెగకపోవడానికి కారణం, ఆ మూడింటినీ విడివిడిగా తూచవచ్చని అనుకోవడమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల అనుభవాన్ని దగ్గరగా చూస్తే ఇవి ఒకదాన్నొకటి హెచ్చవేసుకునే అంకెల్లా పనిచేస్తాయని తెలుస్తుంది. కష్టానికి ఎంత ధర పలకాలో అవకాశం నిర్ణయిస్తుంది. అవకాశం ఎవరి గడప దాకా రావాలో చాలాసార్లు పుట్టిన చోటు నిర్ణయిస్తుంది. పోటీ ముదిరిన చోట చివరి అంగుళాన్ని యాదృచ్ఛికం నిర్ణయిస్తుంది.

పోటీ పరీక్షల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లోనూ మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనూ కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు లేస్తాయి. ర్యాంకర్ల ఫోటోల పక్కన ఎక్కువగా కనిపించే మాట "కృషితో నాస్తి దుర్భిక్షం". ఈ సూక్తిలో ఒక తమాషా ఉంది. కృషి అన్న సంస్కృత పదానికి సేద్యం అని కూడా అర్థం. దున్నేవాడికి కరువు ఉండదని ఆ మాటను అక్షరాలా చదివితే, పాలమూరు (మహబూబ్‌నగర్) చరిత్ర దాన్ని నిలువునా కాదంటుంది. అక్కడ దున్నినవాళ్లే తరతరాలుగా కరువుకు ఊరొదిలి వెళ్లారు. పట్టుదల అన్న అర్థంలో తీసుకున్నా అంతే. వలస కూలీ కంటే ఎక్కువ కష్టపడేవారిని చూపించడం అంత సులువు కాదు.

ర్యాంకు వచ్చినవారి ఇంట్లో "రాత్రింబవళ్లు చదివాడు" అంటారు. రానివారి ఇంట్లో "నసీబులో లేదు" అంటారు. రెండిళ్లలోనూ చదువు ఇంచుమించు ఒకేలా సాగి ఉండవచ్చు. యువతను గందరగోళపెడుతున్నది ఈ రెండు మాటల మధ్య ఉన్న ఖాళీయే.

మాటల్లోనే ఉన్న లెక్క

తెలుగులో అదృష్టానికి ఉన్న పేర్లు గమనించదగ్గవి. అదృష్టం అంటే కంటికి కనిపించనిది అని అర్థం. అంటే, కారణం లేదని ఆ పదం చెప్పడం లేదు, కారణం కనబడలేదని మాత్రమే చెబుతోంది. రాత, గీత అన్న మాటలు ముందే ఖాయమైపోయిన దాన్ని సూచిస్తాయి. ఉర్దూ నుంచి తెలంగాణ నోళ్లలోకి వచ్చి స్థిరపడిన నసీబు కూడా ఇంచుమించు అదే. వీటికి భిన్నమైన మాట "కలిసిరావడం". కాలం కలిసొచ్చింది, భూమి కలిసొచ్చింది, మనుషులు కలిసొచ్చారు అంటాం. ఎవరి అధీనంలోనూ లేని రెండు మూడు సంగతులు ఒకేచోట కలవడాన్ని ఆ మాట పట్టుకుంటుంది. విశ్లేషణకు పనికొచ్చేది ఇదే.

ఈ వ్యాసం మేరకు అదృష్టం అంటే వ్యక్తి చేతిలో లేనిది, ముందుగా ఊహించలేనిది. అవకాశం కూడా వ్యక్తి చేతిలో లేనిదే కానీ సమాజమో ప్రభుత్వమో కుటుంబమో ఏర్పరచగలిగేది: బడి, కాల్వ, రోడ్డు, అప్పు, పరిచయం. కష్టం అంటే వ్యక్తి తన చేతిలో ఉన్న కాలాన్నీ ఒంటినీ బుద్ధినీ ఒక పని మీద పెట్టడం. వీటి మధ్య హద్దులు చెరిగిపోయే చోట్లు చాలా ఉన్నాయి. కష్టపడే స్వభావం కూడా పెంపకం నుంచి వచ్చిందే కదా అని అడిగితే జవాబు అంత తేలిక కాదు. అయినా మొదలుపెట్టడానికి ఈ విభజన చాలు.

ఒకే జిల్లా, రెండు రకాల చెమట

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు సాగింది. నీరు పల్లానికే పారుతుంది కాబట్టి కాల్వ గట్టుకు ఎగువన ఉన్న భూములు ఎగువనే మిగిలిపోయాయి. దేవరకొండ, మునుగోడు వంటి మెట్ట ప్రాంతాలు సాగర్‌కు ఎంతో దూరంలో లేవు. అయినా ఆ నీరు తనంతట తానుగా అక్కడికి ఎక్కలేదు. పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి ఎత్తిపోసే దాకా కృష్ణమ్మ ఆ వైపు చూడలేదు.

ఒక తరం గడిచేసరికి తేడా బయటపడింది. కాల్వ కింద రెండు పంటల వరి వచ్చింది. వరి వెనుక రైసు మిల్లులు వచ్చాయి. మిల్లుల వెనుక లారీలు, ఎరువుల దుకాణాలు, బ్యాంకు అప్పులు, ప్రైవేటు బడులు వచ్చాయి. మిర్యాలగూడ బియ్యం వ్యాపారానికి పేరుమోసిన కేంద్రమైంది. కాల్వ కింది రైతు కష్టపడలేదని ఎవరూ అనలేరు. నాట్ల కాలంలో మోకాటి లోతు బురదలో నిలబడ్డవారికి ఆ సంగతి తెలుసు. అయితే అదే కష్టం గట్టుకు ఎగువన ఆముదాల చేలోనో కంది చేలోనో పెట్టినవారికి అందులో సగమైనా తిరిగి రాలేదు. ఇద్దరి మధ్య తేడా ఒక సర్వే గీత. దాన్ని గీసిన ఇంజనీరు చూసింది నేల ఎత్తును. ఆ నేల మీది మనుషుల్లో ఎవరు ఎంత శ్రమజీవులన్నది ఆయన పని కాదు.

పాలమూరు ఉదాహరణ ఇంకా పదునైనది. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేదే పాత మహబూబ్‌నగర్ జిల్లా నేల మీద, నేటి నారాయణపేట జిల్లాలోని తంగిడి దగ్గర. ఆ నది ఒడ్డు జిల్లా నుంచే కూలీలను కూడగట్టే గుంపు మేస్త్రీల వెంట కూలీలు దేశమంతా వెళ్లారు. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. పండుగకో పెళ్లికో పాత అప్పుకో ఆ డబ్బు అయిపోతుంది. తర్వాత నెలల తరబడి చేసే పని ఆ అడ్వాన్సుకు చెల్లు. డ్యాముల మట్టి పనుల్లో, కాల్వల తవ్వకంలో "పాలమూరు లేబర్" అన్నది దేశంలోని కాంట్రాక్టర్లందరికీ తెలిసిన పేరైంది. ఇతరుల పొలాలకు నీళ్లు తెచ్చే కాల్వలు తవ్విన చేతులు సొంత ఊళ్లో వాన కోసం చూశాయి. కష్టమే విజయానికి చాలినంత కారణమైతే ఆ కూలీల పిల్లలు ఈపాటికి ఆ డ్యాములకు ఇంజనీర్లై ఉండాలి.

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో కలిపి సుమారు వంద గ్రామాలు మునిగిపోయాయి. కొల్లాపూర్, అలంపూర్ వైపు నది ఒడ్డు భూములున్న రైతులు తమ తప్పేమీ లేకుండానే నిర్వాసితులయ్యారు. ఒకే నది ఒకరికి కాల్వగా, ఇంకొకరికి ముంపుగా వచ్చింది.

బోరు బండి దగ్గర

కాల్వ రాని చోట అదృష్టం మరీ మొరటుగా కనిపిస్తుంది. నల్లగొండ మెట్ట ఊళ్లలో బోరు బండి తరచుగా రాత్రిపూట వస్తుంది. పాయింటు పెట్టిన చోట పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ఉంటాయి. కొందరు ఆ పాయింటును అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషితో చూపిస్తారు, కొందరు భూగర్భ శాస్త్రం చదివిన వారితో చూపిస్తారు. ముందు ఎర్రమట్టి, తర్వాత మొరం పైకి వస్తాయి. బండ తగిలాక కేసింగ్ పైపు దించడం ఆపేస్తారు. అక్కడి నుంచి తెల్లటి దుబ్బ లేస్తుంది. ఒక్కో రాడ్డు దిగుతున్నకొద్దీ రైతు ఫీట్లు లెక్కపెడతాడు. బండి యజమానికి డబ్బు ఫీట్ల లెక్కనే ఇవ్వాలి, నీళ్లు పడినా పడకపోయినా. అందరి చూపూ ఆ దుబ్బ మీదే. అది తడిబారి ముద్దలా మారిందా, అలాగే పొడిగా లేస్తోందా అన్నదే ఆ రాత్రి మొత్తానికి ప్రశ్న. తెల్లారేసరికి "రెండించుల నీళ్లు పడ్డయి" అన్న మాటైనా వినబడుతుంది, బొంద మీద ఒక రాయైనా కప్పి ఉంటుంది.

ఈ ప్రాంతం కింద ఉన్నది గ్రానైటు. అందులో నీరు ఇసుకలో నిలిచినట్టు అంతటా నిలవదు, పగుళ్లలో మాత్రమే ఉంటుంది. పగులు తగిలితే నీరు, పది గజాల పక్కన వేస్తే దుమ్ము. పైగా పక్క చేనువాడు ఇంకా లోతుకు దించితే మొదటి బోరు ఎండిపోవచ్చు. అంటే ఒకరికి కలిసొచ్చింది ఇంకొకరికి ఎదురు తిరిగినట్టవుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. మూడు బోర్లలో ఒకటి పడుతుందని అనుకుందాం. ఇది ఊహించిన అంకె మాత్రమే, ఏ ఊరి గణాంకమూ కాదు. ఒక్క బోరుకే స్తోమత ఉన్న రైతుకు నీళ్లు పడే సంభావ్యత 33 శాతం. రెండు వేయించగలిగితే 56 శాతం, మూడైతే 70, నాలుగైతే 80. నాలుగు బోర్లు వేయించగలిగిన రైతును ఊరంతా అదృష్టవంతుడంటుంది. నిజానికి బండ అందరికీ ఒకటే. ఆయన దగ్గర మరో మూడుసార్లు ఓడిపోయే స్తోమత ఉంది, అంతే. మొదటి బోరు ఫెయిలైన చిన్న రైతు రెండోదానికి అప్పు తెస్తాడు, అదీ పోతే పొలం అమ్ముతాడు. సంపదకూ అదృష్టానికీ మధ్య ఉన్న లంకె చాలావరకు ఇక్కడే ఉంది. వ్యాపారంలో, సినిమా రంగంలో, సివిల్స్ ప్రయత్నంలో "పట్టు వదలకుండా మళ్లీ ప్రయత్నించాడు" అన్న కథ విన్నప్పుడు, ఆ మళ్లీమళ్లీకి డబ్బు ఎవరు పెట్టారన్నది కూడా అడగవలసిన ప్రశ్న.

ఆసు పోసిన చేయి

కష్టాన్ని తక్కువ చేసే వాదనలకు ఇదే ప్రాంతంలో గట్టి జవాబు ఉంది. పోచంపల్లి తరహా పట్టుచీరకు రంగులు అద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. కొన్నేళ్లకు భుజం పట్టేస్తుంది, చూపు తగ్గుతుంది.

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడే ఈ బాధను చూసి, బడి మధ్యలోనే మానేసిన చదువుతోనే 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టారు. అది పూర్తయింది 1999లో. మధ్య ఏళ్లలో అప్పులు, ఊరి ఎగతాళి, ఆగిపోయిన భాగాలు. బతుకుతెరువుకు హైదరాబాద్ వెళ్లి పనిచేస్తుండగా బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక ఆయన కంటపడింది. తనకు చిక్కని ఆఖరి కదలిక అదేనని అర్థమైంది. తల్లి పేరుతో లక్ష్మీ ఆసు యంత్రం వచ్చింది. చేత్తో నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఇందులో ఏది అదృష్టం? బాలానగర్‌లో ఆ యంత్రం కనబడటం యాదృచ్ఛికమే. కానీ అదే షెడ్డులో పనిచేసే మిగతావారంతా ఆ యంత్రాన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. ఏడేళ్లుగా ఆసు తప్ప మరొకటి తలకెక్కని మనిషికే అది జవాబులా కనిపించింది. కష్టం చేసే అసలు పని ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. అది ఫలితానికి హామీ ఇవ్వదు. ఎదురుపడ్డ సంఘటనను గుర్తుపట్టే కంటిని తయారుచేస్తుంది, ఆ సంఘటన ఎదురయ్యేదాకా మనిషిని బరిలో నిలబెడుతుంది. ఆ తర్వాత గ్రామీణ ఆవిష్కర్తలను వెదికే సంస్థల ప్రోత్సాహమూ పేటెంటూ తోడవడం వల్లే ఒక ఇంటి యంత్రం వందల ఇళ్లకు చేరింది. అది అవకాశం వాటా.

కటాఫ్ దగ్గర జరిగేది

పోటీ పరీక్షల్లో ఈ మూడూ కలిసే తీరు వేరు. నెగెటివ్ మార్కులు లేని, నాలుగు ఆప్షన్లుండే పరీక్షలో వంద మంది అభ్యర్థులు చెరో పది ప్రశ్నలకు గుడ్డిగా జవాబు పెట్టారనుకుందాం. సగటున ఒక్కొక్కరికి రెండున్నర మార్కులు రావాలి. అయితే సంభావ్యత లెక్క ప్రకారం వారిలో సుమారు ఆరుగురికి ఒక్కటి కూడా తగలదు, దాదాపు ఎనిమిది మందికి ఐదు లేదా అంతకుమించి తగులుతాయి. చదువులో ఏ తేడా లేకుండానే ఐదు మార్కుల ఎడం వచ్చింది. కటాఫ్ దగ్గర ఒక్కో మార్కు మీద వందలాది మంది గుమిగూడి ఉండే పరీక్షలో ఐదు మార్కులంటే ఒక జీవితానికీ ఇంకో జీవితానికీ ఉన్న దూరం.

చదవకపోయినా అదృష్టంతో గట్టెక్కవచ్చని దీన్ని అర్థం చేసుకోకూడదు. చదవనివాడు ఆ గుంపు దాకానే రాడు. పోటీ పెరిగినకొద్దీ బరిలో మిగిలేవారంతా కష్టపడ్డవారే అవుతారు. కష్టంలో తేడా తగ్గిపోతుంది, మిగిలిన తేడాను యాదృచ్ఛికం నింపుతుంది. పోటీ ఎంత కఠినమైతే అదృష్టం పాత్ర అంత పెరుగుతుందన్న ఈ విడ్డూరం చాలామందికి మింగుడుపడదు.

దీనికి కాలం అన్న ఇంకో పొర ఉంది. తెలంగాణ ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకు బయటపడటంతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ జరిగింది. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్ జరిగింది. మొదటి పరీక్షలో నెగ్గినవారిలో కొందరు మూడోదాంట్లో నెగ్గలేదు, కొందరికి అదే మేలైంది. ఈ రెండేళ్లూ హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో అద్దె కట్టుకుంటూ ఉండగలిగినవారు ఒక వైపు, రెండో రద్దుతోనే సంచి సర్దుకుని అచ్చంపేటకో తుంగతుర్తికో బస్సెక్కినవారు మరో వైపు. వీరిని వేరు చేసింది పట్టుదలేనా, ఇంటి నుంచి వచ్చే నెలసరి డబ్బా అన్నది ఏ మార్కుల జాబితాలోనూ కనబడదు.

పరిశోధనలు ఏం తేల్చాయి

2018లో ఇటలీకి చెందిన ప్లుచినో, బియోండో, రాపిసార్దా అనే పరిశోధకులు కంప్యూటర్‌లో వెయ్యి మంది కల్పిత మనుషులను సృష్టించి, 40 ఏళ్ల పని జీవితంలో ఆరు నెలలకొకసారి మంచీ చెడూ సంఘటనలు ఎదురయ్యేలా చేశారు. మంచి సంఘటన ఎదురైనప్పుడు దాన్ని వాడుకోవడానికి ప్రతిభ కావాలన్నది నియమం. చివరికి శిఖరాన నిలిచింది అత్యంత ప్రతిభావంతులు కారు. ఓ మోస్తరు ప్రతిభ ఉండి, మంచి సంఘటనలు ఎక్కువగా తగిలినవారే. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ 2022లో వీరికి దక్కింది. నమూనా మరీ సరళమైనదన్న విమర్శ న్యాయమే. అయినా ప్రతిభ అవసరం, అది ఒక్కటే చాలదు అన్న సంగతిని అది అంకెల్లో చూపింది.

2006 నాటి మరో ప్రయోగం కల్పితం కాదు. 14 వేల మందికి పైగా శ్రోతలకు 48 అపరిచిత పాటలు ఇచ్చి, వారిని వేర్వేరు గుంపులుగా విడదీసి, ఎనిమిది గుంపుల్లో తమ గుంపులో ఏ పాటను ఎందరు డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా చేశారు. బాగున్న పాటలు ఘోరంగా దెబ్బతినడం అరుదు, బాగోలేనివి పైకి రావడమూ అరుదు. మధ్యలో ఉన్నవి ఏ గుంపులో ఎక్కడ తేలతాయో ఎవరికీ అంతుపట్టలేదు. మొదట ఎవరో నొక్కిన కొద్ది నొక్కులు తర్వాతివారిని లాక్కొచ్చాయి. నల్లగొండ పల్లెల నుంచి యూట్యూబ్‌లోకి వచ్చే జానపద పాటల్లో ఒకటి కోట్ల వ్యూస్ దాటి, అదే గొంతు పాడిన దానికి తీసిపోని పాట వేలల్లోనే ఆగిపోవడం వెనుక ఈ యంత్రాంగమే ఉందనుకోవచ్చు.

సాధన మీద 2014లో వచ్చిన సమగ్ర పరిశీలన ఇంకో ముడి విప్పుతుంది. వ్యక్తుల మధ్య ఉన్న తేడాలో సాధన వాటా చదరంగం వంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21, క్రీడల్లో 18, చదువులో 4, ఉద్యోగ వృత్తుల్లో ఒక శాతం లోపే అని అది తేల్చింది. సాధన అక్కర్లేదని దీని భావం కాదు. నియమాలు మారని రంగంలో సాధన ఎక్కువ ఫలిస్తుందనీ, నియమాలూ మనుషులూ సందర్భాలూ మారిపోయే రంగంలో ఆ పట్టు సడలుతుందనీ అర్థం.

పుట్టిన ఊరు, పెట్టిన పేరు, పట్టా వచ్చిన ఏడు

2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం, ఉమ్మడి రాష్ట్రంలో అట్టడుగు. స్త్రీలలో 45 శాతం కూడా లేదు. ఆ జిల్లాలో ఆడపిల్లగా పుట్టడమన్నది ఆమె ఎంత కష్టపడుతుందన్న ప్రశ్న తలెత్తకముందే తేలిపోయిన సంగతి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు దశాబ్దాల పాటు పిల్లలు తాగిన నీటిలోనే ఫ్లోరైడు ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది పళ్లకూ ఎముకలకూ చేటు చేస్తుంది. వంగని మోకాళ్లతో, తిరగని మెడతో ఉన్న మనిషికి కష్టే ఫలి అని చెప్పడం వెటకారమవుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తొలగించే పద్ధతికి ప్రపంచ సాంకేతిక గ్రంథాల్లో "నల్లగొండ టెక్నిక్" అన్న పేరు స్థిరపడింది. జిల్లాకు అలాంటి ఖ్యాతి రావడం కూడా ఒక రకం దురదృష్టమే.

పేరు కూడా లెక్కలోకి వస్తుంది. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే అర్హతలున్న దరఖాస్తులను అగ్రకుల, దళిత ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళిత పేరున్నవారికి పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరున్నవారితో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే అని తేలింది. మాంద్యం ఏట చదువు ముగించినవారి గురించి కెనడాలో జరిగిన అధ్యయనం, మొదట్లో సుమారు 9 శాతం ఆదాయ నష్టం ఉంటుందనీ, అది పూర్తిగా పూడటానికి పదేళ్ల దాకా పడుతుందనీ చెప్పింది. 2009లో ఇంజనీరింగ్ పట్టాతో హైదరాబాద్ వచ్చినవారినీ, కరోనా తర్వాత ఐటీ నియామకాలు ఉప్పొంగిన 2021లో వచ్చినవారినీ ఒకే గాట కట్టి ఎవరు సమర్థులని అడగడంలో అర్థం లేదు.

అవకాశాన్ని కట్టవచ్చు

అదృష్టాన్ని ఎవరూ పంచలేరు. అవకాశాన్ని మాత్రం కట్టవచ్చు. ఇందుకు దేశానికే తొలి నమూనాల్లో ఒకటి ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఉంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో సంస్థాన్ నారాయణపురం దగ్గరి సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. పల్లె పిల్లల్లో చురుకైనవారిని ప్రవేశ పరీక్షతో ఎంపిక చేసి, తిండీ వసతీ చదువూ ఒకేచోట ఇవ్వడం ఆలోచన. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. ఆయన కేంద్రంలో విద్య చూసిన కాలంలో అదే ఆలోచన నవోదయ విద్యాలయాలుగా దేశమంతా వెళ్లింది. గురుకులం తెలివితేటల్ని సృష్టించలేదు. పశువుల వెంట పోయే తెలివితేటల్ని బడి దాకా తెచ్చింది.

భువనగిరి ఏకశిల కూడా అలాంటిదే. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారు తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే. 2014 మే 25న వారు ఎవరెస్టు ఎక్కారు. పూర్ణ వయసు అప్పుడు 13 ఏళ్లు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీ సహాయకులు చనిపోగా, ఆ వైపు ఆరోహణలు దాదాపు ఆగిపోయాయి. వయసు నిబంధన వల్ల నేపాల్ దారి కుదరక వీరి బృందం టిబెట్ వైపు నుంచి వెళ్లింది. ముందు అడ్డంకిగా కనిపించిన నిబంధనే తర్వాత కలిసొచ్చింది. అయితే గురుకులం, భువనగిరి బండ, నెలల శిక్షణ లేకపోతే ఆ కలిసిరావడానికి కలవడానికి ఏమీ ఉండేది కాదు.

గెలిచినవారికి ఎందుకు కనబడదు

విజేతలు కావాలని అబద్ధం చెబుతారని అనుకోనక్కర్లేదు. సైకిలు తొక్కేవాడికి ఎదురుగాలి ప్రతి క్షణం తెలుస్తుంది. గాలి వెనక నుంచి తోస్తుంటే కాసేపటికే మరిచిపోతాడు. పడ్డ కష్టం ఒంటికి తగిలింది కాబట్టి గుర్తుంటుంది. దక్కిన సాయం దానంతటదే జరిగిపోయింది కాబట్టి జారిపోతుంది. పైగా ఓడినవారిని ఎవరూ వేదిక ఎక్కించి మాట్లాడించరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివానని చెప్పే ర్యాంకరు మాట నిజమే. నాలుగింటికే లేచి ర్యాంకు రానివారు ఎందరో తెలిస్తే తప్ప ఆ మాటకు విలువ కట్టలేం. బోరు విషయంలో ఊరికి ఈ తెలివి ఉంది. పడిన బోరూ పడని బోరూ రెండూ కళ్ల ముందే ఉంటాయి కాబట్టి, నీళ్లు పడిన రైతును పట్టుకుని "నీ తవ్వుడు గొప్పది" అని ఎవరూ అనరు.

నమ్మకాల పర్యవసానం

ఈ చర్చ తాత్త్వికంగా కనిపించినా ఫలితాలు ఆచరణలో ఉంటాయి. విజయమంతా కష్టమే అని నమ్మే సమాజం ఓడినవారిని సోమరులుగా చూస్తుంది, సంక్షేమాన్ని దండుగ అంటుంది. అంతర్జాతీయ సర్వేల్లో పేదలు సోమరులన్న అభిప్రాయం అమెరికన్లలో సుమారు 60 శాతానికి ఉంటే యూరోపియన్లలో 26 శాతానికే ఉందనీ, రెండు చోట్లా సంక్షేమ వ్యయంలో తేడాకు ఇది ఒక కారణమనీ ఆర్థికవేత్తలు అల్బెర్టో అలెసినా, ఎడ్వర్డ్ గ్లేజర్ వాదించారు. అంతా నసీబే అని నమ్మినచోట ఇంకో నష్టం ఉంది: ఆసు యంత్రం ఏడో ఏడు దాకా సాగదు. ఈ రెండు నష్టాల్లో దక్షిణ తెలంగాణ ఎక్కువగా చవిచూసింది మొదటిదాన్ని అనే చెప్పాలి. పాలమూరు వెనుకబాటును చాలాకాలం వాన మీదకో జనం మీదకో నెట్టడం తేలికైంది, నీటి పంపకం మీదకు చర్చ రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు పటం కొంత మారుతోంది. ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర ఎత్తిపోసిన కల్వకుర్తి పథకం నీరు నాగర్‌కర్నూల్ వైపు చెరువులకు చేరుతోంది. ప్రాంతీయ రింగు రోడ్డు గీత పడిన చౌటుప్పల్, భువనగిరి వైపు మాత్రం పాత కథే కొత్తగా నడుస్తోంది. గీతకు కాస్త పక్కన ఉన్న ఎకరం ధర పెరుగుతుంది, గీత కింద పడ్డ ఎకరం పరిహారం లెక్కలో పోతుంది. ఇద్దరు రైతులూ నిన్నటి దాకా ఒకే రకం పత్తి పండించారు.

కాల్వ వచ్చిన ఊళ్లలో మరో మార్పు కనిపిస్తోంది. నాట్లకు స్థానిక కూలీలు చాలక బీహార్, పశ్చిమ బెంగాల్ నుంచి గుంపులు దిగుతున్నాయి. ఎకరానికి ఇంత అని ముందే మాట్లాడుకుని, తాడు కట్టి, వరుస తప్పకుండా వెనక్కి నడుస్తూ నాటేస్తారు. వారికీ ఒక మేస్త్రీ ఉంటాడు. ఊరు కదిలే ముందు వారిలోనూ కొందరు అడ్వాన్సు తీసుకునే వచ్చి ఉంటారు. ఒకప్పుడు ముంబై బస్సు ఎక్కిన పాలమూరు మనిషి, కొడుకు పొలం గట్టు మీద కూర్చుని వారి పనితనాన్ని మెచ్చుకుంటున్నాడు.